బావ పంపిన లుంగీ

పోయిన నెల మా అమ్మాయి పైచదువుకు జర్మనీ ప్రయాణమవుతూ, ఎక్కడో తెప్పించుకున్న చిన్న కాటా ఒకటి పెట్టె పిడికి తగిలించి పైకెత్తడం, అంకె చూసి నిట్టూర్చడం, మళ్ళీ పెట్టె తెరిచి వాళ్ళమ్మ సర్దినవాటిలో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని అంచనా వెయ్యడం, ఇలా పొద్దుటి నుంచీ అదే పనిలో ఉంటే చూడలేక నేను లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. పిల్ల దూరం వెళ్తోందని తండ్రికి దిగులు కాబోలని ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. అలా అనుకోవడమే నయమని ఊరుకున్నాను. అసలు సంగతి వేరు. పెట్టెలోంచి ఒక వస్తువు తీసి పక్కన పెట్టేసే పని పాతికేళ్ళ కిందట దోహా విమానాశ్రయంలో నేనూ చేశాను. చెప్పుకోదగ్గది కాదు కనుక ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం ఫోను కోసం పక్కింటివాళ్ళ గుమ్మంలో కాచుకుని కూర్చున్న రోజులు ఎరిగిన నా ఈడు వాళ్ళైతే, తిట్టినా కాస్త అర్థం చేసుకుని తిడతారని ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఖతర్‌లో చదువుకున్నానంటే జనం ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు అడుగుతారు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండేవాళ్ళు, మా ఊళ్ళో వాళ్ళకు గల్ఫంతా దుబాయే. మస్కట్‌లో ఉన్నవాడూ దుబాయే, కువైట్‌లో ఉన్నవాడూ దుబాయే. అలాంటి ఊళ్ళో నాకు స్కాలర్‌షిప్ మీద అక్కడ ఇంజినీరింగ్ సీటు వచ్చిందన్న మాట ఎవరికీ మింగుడుపడలేదు. మా పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, "సదువుకోనికి దుబాయ్ పోతరా బిడ్డా? సదువు అబ్బకపోతెనే గద దుబాయ్ పోయేది?" అని అమాయకంగా అడిగింది. పిల్లవాడు కూలికే పోతున్నాడని, పరువు కోసం తండ్రి చదువని చెప్పుకుంటున్నాడని ఇంకొందరు తేల్చేశారు. మా నాన్న నా కాలేజీ కాగితం జేబులో పెట్టుకుని, అడిగినవాడికీ అడగనివాడికీ చూపిస్తూ కొన్నాళ్ళు తిరిగాడు.

కాలేజీ అల్ రయ్యాన్‌లో, హాస్టలు అక్కడికి నడిచేంత దూరంలో. బయట ఎండ మాడ్చేస్తుంటే తరగతిలో ఏసీకి పళ్ళు కొట్టుకునేవి. అమ్మ అల్లిన స్వెట్టరు చంకలో పెట్టుకుని ఎడారిలో నడిచేవాణ్ణి, తలుపు తీసి లోపలికి వెళ్ళగానే తొడుక్కునేవాణ్ణి. ఇది ఫోనులో చెబితే అమ్మ నమ్మలేదు, వాడికి జ్వరం వచ్చి దాస్తున్నాడని నాన్నతో అందట. నా గదిలో ఉండేవాడు ఈజిప్టు పిల్లవాడు, పొద్దున్నే ఉడకబెట్టిన చిక్కుడు గింజల్లో నూనె పోసుకుని రొట్టెతో తినేవాడు. నా దగ్గరున్న మామిడికాయ తొక్కు ఒకసారి నాకించాను. కళ్ళనీళ్ళు కారుస్తూ గదంతా తిరిగి, మర్నాడు సిగ్గుపడుతూ మళ్ళీ అడిగాడు. పంతుళ్ళు మాట్లాడే ఇంగ్లీషు మొదటి మూడు నెలలు నాకు సగమే తెలిసేది. పక్కవాడు నవ్వినప్పుడు నవ్వడం, రాసుకున్నప్పుడు రాసుకోవడం చేసేవాణ్ణి. రంజాను నెలలో క్యాంటీను మూసేస్తే, తలుపేసుకుని గదిలో బిస్కెట్లు తింటూ దొంగతనం చేస్తున్నట్టు బెదిరేవాణ్ణి.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రాని సంగతి ఒకటుంది. చేరిన మొదటి నెలలోనే, కాలేజీ గేటు దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపి, ఏసీ బాగుచెయ్యడానికి వచ్చింది నువ్వేనా అని హిందీలో అడిగాడు. ఆయన తప్పేమీ లేదు, నా ముఖంలాంటి ముఖాలు ఆయనకు రోజూ కనబడేది ఆ పనుల్లోనే. కానీ ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఆనాటి నుంచి గుర్తింపు కార్డు మెడలోంచి తీసేవాణ్ణి కాదు, రొట్టెల దుకాణానికి వెళ్ళినా అది కనబడేలా వేసుకునేవాణ్ణి. సైట్లకు వెళ్ళే మనవాళ్ళ బస్సు సిగ్నలు దగ్గర ఆగి, కిటికీలోంచి తెలుగు మాటలు వినబడితే ముఖం అటు తిప్పుకునేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళ వయసు కదా అని ఇప్పుడు సర్దిచెప్పుకోబోతాను గానీ, ఆ వయసులో బావ ఇనుప చువ్వలు మోస్తున్నాడు.

బావ అంటే మా పెద్దనాన్న కూతురి భర్త. నాకు సొంత అక్కచెల్లెళ్ళు లేరు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిందీ, బడిలో దెబ్బలు తిని వస్తే పంతులింటికి వెళ్ళి పోట్లాడిందీ ఆ అక్కే. బావ అప్పటికే ఐదేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాడు, కట్టడాల్లో చువ్వలు కట్టే పని. వాళ్ళ క్యాంపు నగరం చివర మెసైమీర్ దాటి ఇంకా లోపలికి. శుక్రవారం వాళ్ళకు డ్యూటీ ఉండదు, కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం అన్నం నాకు అక్కడే. ఎనిమిదిమంది ఉండే గది, మంచం మీద మంచం. వంట బావది. నీలిగళ్ళ లుంగీ ఒకటి మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుని, పొయ్యి ముందు కూర్చుని, "యల్లా, యల్లా, ఉల్లిగడ్డలు కొయ్యుర్రి" అని అందరినీ అదిలిస్తూ మాంసం వండేవాడు. డ్యూటీ దిగిన ప్రతిరోజూ అదే లుంగీ, ఉతికి ఉతికి అంచు దగ్గర దూదిలా మెత్తబడిపోయింది. కొత్తది కొనుక్కోరాదా అంటే నవ్వేవాడు. నన్ను చూడగానే పక్క గదులవాళ్ళను కూడా పిలిచి "మా బామ్మర్ది, ఇంజినీరు" అని చూపించేవాడు. అప్పటికి నేను మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పి ఉన్నాను.

ఒకసారి ఆయన, నువ్వు చదివే జాగా చూడాలని ఉంది, ఊరికి ఫోను చేసినప్పుడు మామకు చెప్పొచ్చు అన్నాడు. బయటివాళ్ళను గేటు దాటనివ్వరని చెప్పాను. అది అబద్ధం. శుక్రవారాల్లో ఎంతోమంది చుట్టాలు వచ్చి తోటలో ఫొటోలు దిగి వెళ్ళేవాళ్ళు. బావ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడు దసరాకు బావ రెండు నెలలు సెలవు మీద ఊరెళ్ళి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకు అక్క నెల తప్పిందని కబురందింది. అంతకుముందు రెండుసార్లు కాన్పయి కూడా అక్కకు బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి ఆ కబురు విని సంతోషపడడానికి కూడా అందరూ భయపడ్డారు. కంపెనీ బావను ఆర్నెల్లు దూరంగా దుఖాన్‌లో పనికి పంపింది, కాన్పు నాటికి సెలవు 'మాఫీ', అంటే లేదు, అని ముందే తేల్చిచెప్పేసింది. ఎండకు నల్లగా మాడి దుఖాన్ నుంచి తిరిగొచ్చేసరికి అక్కకు ఎనిమిదో నెల. నాకేమో వేసవి సెలవులు, ఇంటికి టికెట్టు కొనేశాను.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఊరికి పోయేవాడు ఎవడైనా సరే ఆ చుట్టుపక్కల మండలాలన్నిటికీ తపాలా బంట్రోతు. అందులో నేను విద్యార్థిని, నాలుగు పుస్తకాలు తప్ప ఏముంటాయి, పెట్టె ఖాళీ అని క్యాంపంతా అనుకున్నారు. బావే అందరినీ ఆపి తనదొక్కటే ఇచ్చాడు. అట్టడబ్బా, నీలం నైలాను తాడుతో నాలుగువైపులా బిగించి, ప్రతి పక్కా మా పెద్దనాన్న పేరు, ఊరు, మండలం, జిల్లా లావాటి తెలుగక్షరాల్లో రాయించి ఉంది. చేతికిస్తూ ఎందుకో కాస్త సిగ్గుపడి, నావైపు చూడకుండా, "బామ్మర్దీ, గీ డబ్బ ఎవ్వలిప్పద్దు. మీ అక్కనే ఇప్పాలె. చెప్తవ్ గదా?" అన్నాడు. చెప్తానన్నాను.

విమానం మధ్యాహ్నం. వరుసలో నా ముందు మా తరగతి పిల్లవాడే ఒకడు నిలబడ్డాడు. హైదరాబాదు వాళ్ళే, తండ్రి అక్కడ పెద్ద ఉద్యోగి, తల్లీ చెల్లెలూ కూడా ఉన్నారు, అందరివీ చక్రాల పెట్టెలు. అతను వెనక్కి తిరిగి పలకరించి, నా బండి మీదున్న అట్టడబ్బా వైపు చూశాడు. ఏమీ అడగలేదు. అడగకముందే నేను, ఇది నాది కాదు, ఎవరో కాసేపు చూస్తుండమన్నారు అని ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. వచ్చాక మాత్రం ఆ డబ్బాను అతని కళ్ళముందు కాటా మీద పెట్టి నా పేరు చెప్పే దారి లేకపోయింది.

డబ్బా ఇచ్చేసి వస్తానని చెప్పి, బండి తోసుకుంటూ ఒక స్తంభం వెనక్కి వెళ్ళి, తాళంచెవితో తాడు కోశాను. నా పెట్టెలో ఇంకా మూడు కిలోలకు చోటుంది. నేను కొనుక్కున్న బూట్లు తీసేస్తే ఇంకో రెండు కిలోలు వచ్చేవి, తియ్యలేదు. పసిపిల్లల చొక్కాలు, సబ్బులు, తలనొప్పి మందు, అత్తరు సీసా నా పెట్టెలోకి మార్చాను. కంబళి పట్టలేదు, ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి కదా అనుకున్నాను. పాలపొడి డబ్బాలు రెండూ బరువు, జగిత్యాలలో దొరకవా అనుకున్నాను. అన్నిటికన్నా అడుగున, పాలిథిన్ సంచిలో జాగ్రత్తగా మడిచి బావ నీలిగళ్ళ లుంగీ ఉంది. అది బావ లుంగీయేనని చూడగానే గుర్తుపట్టాను. పాలడబ్బాలు కదలకుండా అడ్డం పెట్టాడనుకుని, అడ్డం పెట్టే గుడ్డకు అంత జాగ్రత్తగా సంచి ఎందుకు చుట్టాడని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కంబళి మీద పడేశాను. నేల తుడిచే మనిషి ఒకతను, నేపాలీ కాబోలు, అక్కడే నిలబడి చూస్తున్నాడు. తీసుకో అని చెయ్యి ఊపాను. అతను లుంగీని దులిపి, మళ్ళీ మడిచి, కంబళి పైన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళిన రోజే అక్క వచ్చింది. నెలలు నిండుతున్న మనిషి, గోడకు చేరగిలబడి కూర్చుని, బావ పంపినవన్నీ ఒళ్ళో వేసుకుంది. చొక్కాలు చూసింది, అత్తరు వాసన చూసింది. బరువు ఎక్కువైందని కంబళి, పాలపొడి అక్కడే తీయించేశారని ముందే చెప్పేశాను. ఆమె అన్నీ పక్కన పెట్టి మళ్ళీ వెతికింది. "గుడ్డ ఏది తమ్మీ? మీ బావ లుంగి?" అంది.

అప్పుడు పెద్దమ్మ చెప్పింది. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది తండ్రి ఒంటిమీద కట్టి విడిచిన బట్టలోనే. తండ్రి ఇంట్లో ఉంటే దండెం మీది పంచె అందుకుంటారు, ఎవరూ దాన్ని గురించి ఆలోచించరు కూడా. పోయిన రెండు కాన్పులకూ బావ దుబాయిలో ఉన్నాడు, ఆ గుడ్డ లేదు. బిడ్డలు దక్కకపోవడానికి అదే కారణమని అక్క మనసులో పడిపోయింది. డాక్టరమ్మ ఏమని చెప్పినా పోలేదు. అందుకే కొన్ని నెలల కిందటే ఫోనులో చెప్పి, రోజూ కట్టుకోమనీ, ఎవరైనా వచ్చేటప్పుడు పంపమనీ బావతో ఒట్టు వేయించుకుంది. ఆ ఒక్క లుంగీ పంపడానికే ఆ డబ్బా. మిగతావన్నీ ఒక లుంగీ ముక్క ఒంటరిగా పంపడానికి మొహమాటపడి బావ దానికి తోడు చేర్చినవి.

నిజం చెప్పడానికి నాకు అప్పుడు ఒక నిమిషం టైముంది. కంబళికి బరువని చెప్పొచ్చు, పాలడబ్బాకూ చెప్పొచ్చు. పావుకిలో లేని లుంగీకి ఏం బరువని చెప్పను? "బావ అదేం పెట్టలేదక్కా" అన్నాను. అక్క చేతులు ఒళ్ళోని చొక్కాల మీద అలాగే ఆగిపోయాయి. పెద్దమ్మ, "ఆడ పనిల వడి యాదికుండదు తియ్ బిడ్డా" అని ఓదార్చింది. అక్క తల ఊపింది గానీ, కొంగు ముఖాన కప్పుకుని ఏడ్చింది. భర్త మరిచిపోయాడని ఏడ్చింది. నేను ఎదురుగా కూర్చుని, ఊరివాళ్ళ కోసం తెచ్చిన చాక్లెట్లు పంచుతూ ఉన్నాను.

తరవాతి శుక్రవారం బావ ఫోను వస్తుందని తెలిసి, పని కల్పించుకుని హైదరాబాదు పారిపోయాను. ఆ ఫోనులో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అక్కకు కొడుకు పుట్టాడు. పెద్దనాన్న పంచెలో పడుకోబెట్టారు. మొదటి పది రోజులూ అక్క కన్ను మూయకుండా వాడి ఊపిరి వింటూ కూర్చుంది. ఆ పది రోజులూ నేను ఏ దేవుడికి మొక్కలేదో చెప్పలేను. పిల్లవాడు బతికాడు, గట్టిగానే ఉన్నాడు, ఇప్పుడు నాకంటే పొడుగు.

సెలవులైపోయి ఖతర్ వెళ్ళాక, పరీక్షలని చెప్పి మూడు శుక్రవారాలు క్యాంపుకు వెళ్ళలేదు. నాలుగో వారం వెళ్ళక తప్పలేదు. బావ కొత్త లుంగీ కట్టుకుని ఉన్నాడు, ఇంకా గంజి బిగువు పోలేదు. పళ్ళెంలో అన్నం పెట్టి, కూరలోంచి మూలుగున్న నల్లిబొక్క ఏరి నాకే వేసి, "పోరడెట్లున్నడు? మీ అక్క పోలికనా, నా పోలికనా?" అని అడిగాడు. ముక్కు మీ పోలికేనన్నాను. ఏ గుడ్డలో పడుకోబెట్టారని ఎప్పుడు అడుగుతాడోనని ముద్ద ముద్దకూ ఎదురుచూశాను. అడగలేదు. అయితే అక్క ఆ ఊసే ఎత్తలేదన్నమాట, బతికిపోయానని మనసు తేలికపడి, ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ తిన్నాను. ఆ తరవాత నేను ఎన్నిసార్లు ఊరికి వెళ్ళినా బావ నా చేతికి ఏమీ ఇవ్వలేదు. క్యాంపులో ఎవరైనా మూట తెస్తే, "పిల్లగాడు పుస్తకాలు తీస్కపోవాలె, ఆనికియ్యకుర్రి" అని వాళ్ళనూ వారించేవాడు. నా మీద ప్రేమకొద్దీ అనుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. నేను హైదరాబాదులో ఉద్యోగంలో స్థిరపడ్డాను, బావ గల్ఫ్ చాలించుకుని ఊరికి వచ్చేశాడు. రెండేళ్ళ కిందట మా చుట్టాలమ్మాయి కాన్పయితే అందరం వెళ్ళాం. తండ్రి పాత బట్ట తెమ్మని ఎవరో అనగానే అక్క నవ్వుతూ అందుకుంది. "మాయనకు ఒక్క లుంగి పంపుమంటె పంపలే. ఫోన్ల అడిగితె, 'మర్శిపోయిన' అన్నడు. గింతంత గుడ్డ! నేనెంత ఏడ్సిన్నో గీ మనిషికి ఎర్కేనా?" అందరూ నవ్వారు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న బావ తలెత్తకుండా, "మర్శిన తియ్యే. ఎన్నిసార్లంటవ్?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. అడిగిన మొదటి శుక్రవారమే, ఆ ఫోనులోనే, మరిచిపోయానని తప్పు తన మీద వేసుకున్నాడు. అంటే ఆ నల్లిబొక్క నా పళ్ళెంలో వేసిన నాటికే ఆయనకు అంతా తెలుసు. నేను రెండోసారి అన్నం అడిగినప్పుడు కూడా తెలుసు.

ఆ సాయంత్రమే పొలం దగ్గర ఆయన్ను పట్టుకుని, బావా, ఆ లుంగీ నేనే, అని మొదలుపెట్టాను. ఆయన మోటారు దగ్గర పైపు బిగిస్తున్నాడు. నన్ను ముగించనివ్వలేదు. "మొగడు మర్శిపోతడు. అది ఆడోళ్ళకు ఎర్కున్న ముచ్చటే. తిడ్తరు, ఊకుంటరు. తమ్ముడు పారేసిండంటె మీ అక్కకు అది సమజ్ గాదు బామ్మర్దీ. ఊకో" అన్నాడు. అని, పైపు అటు చివర పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఇప్పుడు కాలం మారింది. అదే దోహాలో ఉన్న మా ఊరి పిల్లలు, ఇక్కడ బిడ్డ పుట్టిన గడియలోనే ఫోనులో ముఖం చూసి మాట్లాడుతున్నారు. అట్టడబ్బా మోయమని ఎవరూ ఎవరినీ అడగడం లేదు, కొరియరువాడు గుమ్మంలోకి తెస్తున్నాడు. ఒకరి మూట ఒకరి చేతికిచ్చి నిశ్చింతగా నిద్రపోయే రోజులు పోయాయని నా ఈడు వాళ్ళు బాధపడుతుంటే, అవునవునని తల ఊపడానికి నాకు ముఖం చెల్లదు.

ఈ ఏడు రాఖీ పున్నమికి, ఏదైతే అదవుతుంది, అక్కకు చెప్పేద్దామనే వెళ్ళాను. బావ పక్కనే కూర్చున్నాడు. బొట్టు పెట్టింది, రాఖీ కట్టింది, మీ బావ ఈసారి మిఠాయి కూడా మరిచిపోయి వచ్చాడు, నేనే మళ్ళీ పంపి తెప్పించానని నవ్వుతూ చెప్పింది. "అక్కా" అని నోరు తెరిచాను. తినిపించమంటున్నాననుకుని, అక్క నా నోట్లో మిఠాయి పెట్టేసింది.